అడగని ప్రశ్నకు అత్త రాసిన జవాబు

పరీక్ష రాసి బయటికి వచ్చి ఫోన్ తెరిస్తే అమ్మ వాయిస్ మెసేజ్ ఉంది. "అత్త పోయిందే. కాఫీ తాగి, పేపర్ పట్టుకోని కుర్చీలో అట్నే ఉండిపోయింది. పరీక్ష అయినాకనే నీకు చెప్పాలనుకున్నా. అత్త ఉంటే అదే చెప్పుండేది." మెసేజ్ చివర వీధిలో ఎవరిదో ఏడుపు వినిపించింది. హాల్ టికెట్ ఇంకా నా చేతిలోనే ఉంది.

అత్త మాకు చుట్టం కాదు. తమిళ మహానగరం అంచున, మనలి దాటి, ఊరు అయిపోయిందా లేదా అన్న అనుమానం వచ్చే చోట ఉంది మా వీధి. అందులో మా ఎదురింటి ఆవిడ. రాష్ట్ర ప్రభుత్వ న్యాయశాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆమె చేసిన పని ఏమిటో వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. కోర్టులో వాదించలేదు, తీర్పులు చెప్పలేదు. ఏదైనా శాఖకు "ఇది చేసే అధికారం మాకుందా, చేయాల్సిన బాధ్యత ఉందా?" అని అనుమానం వస్తే ఆ ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చేది. ఆమె చట్టం చూసి అభిప్రాయం రాసేవారు. దాన్ని పట్టుకుని ప్రభుత్వం నడిచేది, లేకపోతే ఆగిపోయేది.

"అంటే గవర్మెంటుకు జోస్యం చెప్పేదానివా అక్కా?" అని అమ్మ ఏడిపించేది.

"జోస్యమైతే ఎప్పుడో ఒకసారన్నా ఫలిస్తుంది గదే," అనేవారు అత్త.

నేను లా కాలేజీలో చేరాక సాయంత్రాలు వాళ్లింట్లోనే గడిచాయి. బళ్లో అంతా తమిళంలో చదివాను. తెలుగు నాకు వంటింట్లో మాట్లాడుకునే భాష మాత్రమే. అత్త దాన్ని హాల్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. పరిధి, విచక్షణ, బద్ధత. 'విచక్షణ' అన్న మాట మొదటిసారి విన్న రోజు అన్నం తింటూ కూడా దాన్ని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. ఇదంతా తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

పాఠం ఎప్పుడూ కూరగాయలు తరుగుతూనే చెప్పేవారు.

"పంచాయతీకి వీధి దీపం పెట్టే అధికారం ఉండాది. పెట్టలేదు. తప్పెవురిది?"

"పంచాయతీది అత్తా."

"పెట్టొచ్చు అన్నాగానీ పెట్టి తీరాలని నేను అన్నానా?"

"అట్లయితే ఆ చీకట్లో పడి కాలిరిగినోడి సంగతి?"

"వాడు ఈ పేరాలో లేడు," అని బెండకాయ ముచ్చిక కోసి పక్కన పడేసేవారు.

అభిప్రాయంలో చివరి పేరా రాసేముందు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేదాన్నని చెప్పేవారు. అక్కడికి వచ్చాక ఇంకా పుస్తకం చూడాల్సి వస్తే విషయం మనకు తెలియనట్టేనట. ఆమె అన్నింటికంటే గట్టిగా నమ్మిన నియమం మరొకటి ఉంది. "అడిగినదానికే జవాబు రాయాల. అడగనిదానికి నోరు తెరిస్తే అది అభిప్రాయం కాదు, ఉపన్యాసం." నేను దాన్ని గొప్ప మాట అనుకున్నాను. పుస్తకం అట్ట మీద కూడా రాసుకున్నాను.

మా వీధికి తాగే నీళ్లు లేవు. బోరు నీళ్లు పసుపు రంగులో వస్తాయి. బిందెలో పట్టి ఉంచితే సాయంత్రానికి పైన పొర కడుతుంది. ఆ నీళ్లతో వండిన అన్నం కూడా పసుపే. మా చెల్లెలి చేతుల నిండా ఎప్పుడూ దద్దుర్లే. స్థానిక సంస్థను అడిగితే పైపు వేసే స్తోమత లేదంటుంది. లారీ అయినా పంపమంటే అది తమ చేతుల్లో లేదంటుంది. పోయిన ఎండాకాలం వీధివాళ్లంతా సంతకాలు పెట్టి రాష్ట్ర ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఆఫీసులో మాట్లాడటం తెలిసిన మనిషి కదా అని అత్తను ముందుపెట్టి, అమ్మా నేనూ వెంట వెళ్లాం.

ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. అత్తకు కుర్చీ వేయించాడు. ఫైలు తెరిచి, తమిళంలో మెల్లగా మొదలుపెట్టాడు. "మాకూ చేయాలనే ఉంది మేడం. కానీ దీనిమీద న్యాయశాఖ అభిప్రాయం ఉంది, వినండి. తాగునీరు అందించే చట్టబద్ధమైన బాధ్యత స్థానిక సంస్థదే. రాష్ట్ర ప్రభుత్వానికి ఆ సంస్థను..."

"...ఆదేశించే అధికారం ఉన్నదిగానీ, నేరుగా సరఫరా చేసే బాధ్యత లేదు," అని అత్త పూర్తి చేశారు.

అతను తలెత్తాడు. "అక్షరం పొల్లుపోలేదు! మీకెలా తెలుసు మేడం?"

"నేను రాసిందే కదప్పా."

అతను సంతోషంతో లేచి నిలబడ్డాడు. "ఎవరు ఎక్కణ్ణుంచి నీళ్లడిగినా మాకు ఇదే ఆధారం మేడం. ఎంత స్పష్టంగా రాశారు!"

తమిళం వచ్చినా అమ్మకు ఆ చట్టం మాటలు అందలేదు. "ఏందంటా ఉండాడే?" అని నన్ను గిల్లింది. అత్తే చెప్పారు.

"మన వీధికి నీళ్లు రాకుండా రాసిపెట్టింది నేనే అంటా ఉండాడు."

ఇంటికొచ్చాక నేనే అడిగాను. శాఖ అప్పుడు తనను అడిగింది ఒకటేనన్నారు: నేరుగా నీళ్లు ఇవ్వాల్సిన బాధ్యత మాకు ఉందా? లేదు. ఆ జవాబు ఈరోజుకీ తప్పు కాదు. స్థానిక సంస్థ చేతులెత్తేస్తే ఆ ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వం వాడి తీరాలా అని మాత్రం ఎవరూ అడగలేదు.

"వాడి తీరాల్సిందేనని అప్పుడు తెలీదా అత్తా?"

"తెలుసు."

"మరి రాయలేదే?"

"అడగలేదు గదే."

ఆ మర్నాడే ఆమె ఆ రెండో ప్రశ్న తానే వేసుకుని, జవాబు రాయడానికి కూర్చున్నారు. నేను టైపు చేశాను. అధికారం ప్రజల ప్రాణం కోసం ఇచ్చినదైతే, దాన్ని వాడకుండా అట్టిపెట్టుకోవడం ప్రభుత్వం ఇష్టానికి వదిలిన విషయం కాదు అన్నది దాని సారం. నేను చదివిన వాటిలో అంత బాగున్న వాక్యాలు లేవు. దాన్ని ఆ ఆఫీసుకే పంపిన కొన్నాళ్లకు ఆ ఆఫీసరే ఫోన్ చేశాడు.

"చదివాను మేడం, చాలా బాగుంది. కానీ శాఖ అడిగితేనే కదా అభిప్రాయం అవుతుంది? మీకు తెలియనిదేముంది."

"అట్లయితే అడగమనప్పా. ఒక్క వాక్యం రాసి పంపితే చాలు."

"పైవాళ్లు అడగాలి మేడం."

ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం ఎదురుచూశారు. ఫోన్ మోగితే తడి చేతులతోనే పరుగెత్తేవారు. నాకు ఆ పైవాళ్ల మీద ఎంత కోపముందో అత్త మీదా అంత కోపముంది. నాకు మాటలు ఇచ్చిన మనిషి, అవసరమైన చోట ఒక్క మాట మింగేశారు. నా పుస్తకం అట్ట మీది వాక్యాన్ని కొట్టేశాను. ఆమె చూశారు.

పరీక్ష హాలు నుంచి నేను ఇల్లు చేరేసరికి వీధిలో నీళ్ల లారీ నిలబడి ఉంది. నివాళికి ప్రభుత్వం నుంచి పెద్ద అధికారి వస్తున్నారని, వచ్చినవాళ్లకు ఇబ్బంది ఉండకూడదని పంపించారట. ఆయన దండ వేసి మాట్లాడారు. "ఆమె ఇచ్చిన అభిప్రాయాల్లో ఒక్కదాన్ని కూడా మేము మార్చుకోవాల్సిన అవసరం రాలేదు," అన్నారు. అప్పటికే ఆడవాళ్లంతా ఒక్కొక్కరే జారుకుని లారీ దగ్గర చేరారు. అమ్మ ఏడుస్తూనే బిందె నింపుకుంది.

"కరుమాదికి కూడా వస్తావా అన్నా?" అని పక్కింటి అక్క డ్రైవర్ని అడిగింది. మాలో పదహారో రోజు కర్మను అలా అంటారు.

"చెప్తే వస్తానమ్మా. చెప్పకుండా నేనెట్లా వచ్చేది?" అన్నాడు అతను.

"రేపు?"

అతను పైపు చుట్టుకుంటూ నవ్వాడు.

మర్నాడు నేను లేచి చూసేసరికి వీధి మొదట్లో ఖాళీ ప్లాస్టిక్ బిందెలు వరసగా ఉన్నాయి, పచ్చవి, ఎర్రవి, నీలివి. అత్త ఇంటి ముందు చల్లిన పూలు ఇంకా ఎవరూ ఊడ్వలేదు. ఎండ ఎక్కింది. లారీ రాలేదు. సముద్రం వైపునుంచి గాలి లేచింది. అమ్మ గబగబా వెళ్లి, బిందెలు దొర్లిపోకుండా ఒక్కోదానిలో ఒక్కో రాయి వేసి వచ్చింది.