చాలమ్మత్త పెట్టిన పేరు

మొన్న బారసాలకని చంటిదాన్ని ఎత్తుకుని పుట్టింటికి వస్తూ పలాసలో బస్సు దిగానో లేదో, కాల్చిన జీడిపిక్కల వాసన గుప్పున ముక్కుకు తగిలింది. చేతుల్లో పిల్ల తుమ్మింది. నాకు మాత్రం చాలమ్మత్త వచ్చి పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఆవిడ మా పక్కింటి మనిషి. రోజూ పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టేది. ఆ పిక్కల జీడి రసం అంటి వేళ్ళెప్పుడూ నల్లగా ఉండేవి. కొబ్బరినూనె రాసి తుడుచుకుంటే గానీ పసిపిల్లల్ని ముట్టేది కాదు. నాకు బుల్లోడు అని పేరు పెట్టింది ఆవిడే.

ముగ్గురాడపిల్లల్లో నేను ఆఖరిదాన్ని. బళ్ళో సునీతనే అయినా ఊరంతటికీ బుల్లోణ్ణే. ఆరో తరగతిలో ఓ రోజు, పనికి పోతూ పోతూ మందసలో మా బడి గేటు దగ్గర ఆగి, "ఒరే బుల్లోడా, కేరేజీ మర్సిపోనావురా!" అని ఆవిడ పెట్టిన కేకకి క్లాసు క్లాసంతా విరగబడి నవ్వింది. "తర్వాత మగపిల్లాడు పుట్టాలని పెట్టుంటార్లే" అని ఒకత్తి తేల్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం తిన్నగా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి అరిచాను.

"పుట్టని తమ్ముడి పేరు నాకెందుకు తగిలించావు? ఇంకెప్పుడూ అలా పిలవకు!"

"సర్లేమ్మా, పిలవన్లే" అంది. అంతే.

నిజంగానే పిలవలేదు. ఎదురుపడితే "పాపా" అనేది. వినడానికి ఎంత పరాయిగా ఉండేదో! అయినా నా పొగరు నాది. నెల తిరక్కుండా సంగతి అమ్మకి తెలిసింది.

"ఓసి పిచ్చిమొకమా! ఆడపిల్లలింక సాలని మీ నాన్నమ్మ నీకు సాలమ్మ అని పేరెట్టబోనాది. బారసాల నాడు మీ సాలమ్మత్తొచ్చి, బియ్యంలో పేరు రాయకముందే నిన్నెత్తుకుని 'మా బుల్లోడు, మా బుల్లోడు' అని ఈదంతా తిప్పీసింది. సాయంత్రానికి ఊరంతా అదే పిలిసినారు."

అన్నేళ్ళూ ఆవిణ్ణి చాలమ్మత్తా అని పిలుస్తూ, ఆవిడకా పేరు ఎందుకు పెట్టారో నాకు తట్టనేలేదు. పరుగెత్తాను. అరుగు మీద కూర్చుని వేళ్ళకి నూనె రాసుకుంటోంది.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"సెప్తే మీ నాన్నమ్మ మీద కోపమొచ్చును గదే. నా మీదైతే పర్నేదు, నాను పక్కింటిదాన్ని. నువ్వు రోజూ ఆవిడ పక్కలోనే కదా తొంగుంతావు."

"నిన్నలా పిలుస్తుంటే నీకు కష్టంగా ఉండదూ?"

"యాభయ్యేళ్ళు పిలిసీసినారు. మరేటి సేత్తాం?" అని నవ్వింది. చిన్నపిల్లలా సిగ్గుపడుతూ, "పోనీ, నువ్వు నాకోటెట్టు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆలోచించి "రాజు" అన్నాను. పోయేదాకా ఆవిడ నాకు రాజత్తే. నేనలా పిలిస్తే చాలు, ఎంత పనిలో ఉన్నా "ఓయ్, బుల్లోడా!" అని పలికేది. ఆవిడే లేకపోతే నేను పుట్టినందుకు విసుక్కున్న మాటనే పేరుగా మోస్తూ బతికేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆవిడ పోయి రెండేళ్ళు. బారసాలలో పిల్లకి బియ్యం మీద పెద్ద పేరేదో రాశాం. చెవిలో మాత్రం నేను "రాజూ" అన్నాను. టెక్కలి నుంచి వచ్చిన మా అత్తగారు విననే విన్నారు.

"ఏటమ్మా, తరవాత మగపిల్లోడు పుట్టాలనా?"

"కాదత్తయ్యా" అన్నాను. "మా పక్కింటావిడ పేరు."