చిట్టి ఒంటి మీద అక్క చెయ్యి

నా చిన్నప్పుడు కెనడాలోని విన్నిపెగ్‌లో వణుకు అంటే చలే. ఎవరు వణికినా మా ఇంట్లో ఒకటే వైద్యం, ఇంకో దుప్పటి. అందుకే ఆ మధ్యాహ్నం మా చిట్టి వణకడం మొదలుపెడితే మాకు అనుమానం రాలేదు.

చిట్టి మా కుక్క. నా ఒళ్లో పట్టేంత చిన్నది. ఈని రెండు వారాలైంది. ఐదు పిల్లలూ బొద్దుగా తయారవుతుంటే తల్లి మాత్రం పుల్లలా అయిపోయింది. బాలింత కదా అని అమ్మ ఇంత పెరుగన్నం పెట్టేది. ఆ తర్వాత అందరం పిల్లల చుట్టూ చేరి మురిసిపోయేవాళ్లం. తల్లి వంక ఎవరు చూశారు గనక!

ఆ రోజు నాన్న ఆఫీసుకు వెళ్లారు. బయట మంచు దట్టంగా కురుస్తోంది. పిల్లలు పాలు తాగుతుండగానే చిట్టి లేచి, కాళ్లు బిగుసుకుపోయినట్టు నాలుగడుగులు వేసి పడిపోయింది. ఒకటే వణుకు. అమ్మ హీటర్ తెచ్చి పక్కన పెట్టింది. నేను నా దుప్పటి కప్పాను. కప్పినకొద్దీ వణుకు ఎక్కువైంది. పిల్లల్ని దగ్గరికి జరిపితే, అవి ఎవరివో అన్నట్టు చూసింది. ఆ చూపుకి నేను గొల్లుమన్నాను. నా కళ్లముందే చచ్చిపోతుందనుకున్నాను.

నా ఏడుపు విని, బేస్‌మెంట్‌లో అద్దెకుండే అక్క పైకి వచ్చింది. చదువుకోడానికి వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి. కుక్కలంటే ఆమెకు ప్రాణభయం. ఊళ్లో ఎప్పుడో వీధికుక్క పిక్క పట్టుకుందట. చిట్టి హాల్లో ఉంటే మెట్ల మీద నుంచే మాట్లాడేది. ఆ రోజు కూడా గుమ్మంలో ఆగిపోయింది. కాసేపటికి లోపలికొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని, దుప్పటి కింద చెయ్యి పెట్టింది.

“సలి గాదు ఆంటీ, ఒళ్లు కాలిపోతున్నది! ముందుగాల ఆ హీటర్ బంద్ చెయ్యుండ్రి.”

అమ్మ కుక్కల డాక్టర్ క్లినిక్‌కి ఫోన్ చేస్తే వెంటనే తెమ్మన్నారు. అమ్మ డ్రైవ్ చేస్తుంటే వెనక సీట్లో అక్క ఒళ్లో చిట్టి, నా ఒళ్లో పిల్లల పెట్టె. ముందున్న కారు కూడా కనిపించనంత మంచు. సిగ్నల్ పడ్డప్పుడల్లా “ఊపిరి ఆడుతోందా?” అని అమ్మ అడిగేది. “ఆడుతున్నది ఆంటీ, మీరు పోనియ్యుండ్రి” అనేది అక్క. ఒకసారి మాత్రం చిట్టి పొట్ట మీద చెయ్యి ఆనించి చూశాకే ఆ మాట అంది. ఆ కాసేపూ నేను అక్క మొహం వైపు చూడలేకపోయాను.

ఒంట్లో ఉన్న కాల్షియమంతా పాలలోకి పోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టర్ చెప్పారు. సూదిమందు మెల్లమెల్లగా ఎక్కిస్తుంటే చిట్టి వణుకు తగ్గింది. అక్క చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి. చిట్టి తలెత్తి ఆ చేతిని నాకగానే, అక్క కెవ్వుమని గోడకు అతుక్కుపోయింది. అమ్మా నేనూ ఏడుస్తూనే నవ్వాం. తర్వాత కొన్నాళ్లు పిల్లలకు సీసాతో పాలు పట్టాం. అక్క సీసాలు కడిగిపెట్టేది గాని, మళ్లీ చిట్టిని ముట్టుకోలేదు.

నేనూ పిరికిదాన్నే. కిందటేడాది అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు, ఆ గొట్టాలూ మిషన్లూ చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాను. కాస్త ధైర్యం వచ్చాక లోపలికి వెళ్దామనుకున్నాను. అంతలో అక్క గుర్తొచ్చింది. భయపడుతూనే వెళ్లి అమ్మ చెయ్యి పట్టుకున్నాను.