తలలేని జెండా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. నలభై దాటాక వెతుక్కుంటే తెలిసినదొక్కటీ కనబడదు (జుట్టుదీ అదే పరిస్థితి). డిగ్రీ మూడుసార్లు నన్ను తప్పించుకుపోయాక, మల్కాజ్‌గిరి నుంచి రోజూ లోకల్ ఎక్కి, సికింద్రాబాద్‌లో మా మేనమామ జెండాల దుకాణంలో పనికి వచ్చేవాణ్ని. జాతరలకు, స్కూళ్లకు, అన్నిటికంటే ఎక్కువగా పార్టీలకు కుట్టేవాళ్లం. పొద్దున ఒక పార్టీ జెండాలు మోసుకుపోయిన నాయకుడే సాయంత్రం ఇంకో పార్టీవి కావాలని వస్తే, మామ ఆప్యాయంగా "కర్రలు పారెయ్యకు అన్నా, గవే పనికొస్తయి" అని సలహా ఇచ్చేవాడు. ఆ దుకాణంలో శాసనం ఒకటే: ప్రతి జెండాకూ తల ఉండాలి. ఒకసారి ఓ పెద్దాయన సభలో మా జెండా తలకిందులుగా ఎగిరితే, ఆయన అనుచరులు వచ్చి మామను స్టూలు మీద నిలబెట్టి గంటసేపు భక్తి నేర్పించారు. అప్పటినుంచి పై అంచు మూలన ఎర్ర దారంతో గుర్తు పడందే ఏ జెండా కూడా గడప దాటేది కాదు. ఆ గుర్తు కుట్టే మహత్తర పదవి నాది.

ఒకనాడు సీతాఫల్‌మండిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరక్క వచ్చింది. ఆమె పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడని తీర్మానిస్తే, ఆ లెక్క తప్పని పెద్దయ్యాక తానే దిద్దుకున్న మనిషి. కాగితం మీద అయిదు పట్టీలు గీసి తెచ్చింది: లేత నీలం, గులాబి, తెలుపు, మళ్లీ గులాబి, మళ్లీ లేత నీలం. "ఆదివారం సాయంత్రం మా ఊరేగింపుంది తమ్మీ. ఇన్నేండ్ల తర్వాత మా అమ్మ వస్తనన్నది. ఒక కొస ఆమె పడ్తది, ఒక కొస నేను. ఆమె మనసు మారకముందే కావాలె" అంది. రంగుల అర్థమేమిటని అడిగితే అక్కడితో అయిపోయేది. కానీ తెలియనిదాన్ని అడగడం నా హోదాకు తక్కువ.

కాగితంలో గులాబి చూడగానే మామ ఎలక్షన్లే వచ్చాయనుకున్నాడు. కాదన్నాక కాగితాన్ని నాలుగు రకాలుగా తిప్పి, "దీనికి తల యాడుందిరా?" అన్నాడు.

"పైన నీలం ఆకాశం మామా."

"కింద సుత నీలమే గద?"

"అది హుస్సేన్‌సాగర్. పై గులాబి పొద్దున ఎండ, కింది గులాబి నీళ్లల్ల దాని నీడ."

"మరి నడుమ తెల్లది?"

"ట్యాంక్‌బండ్!"

మామ నావైపు గర్వంగా చూశాడు. ఆ ఊపులోనే ఒక సవరణ కూడా ప్రతిపాదించాను: కింది పట్టీకి ముదురు నీలం వేస్తే తలేదో, కాళ్లేవో పిచ్చోడికైనా తెలుస్తుందని. (నిజానికి రెండో లేత నీలం పట్టీకి గుడ్డ లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాను. చెప్పాలనైతే లేదు.)

ఆదివారం మధ్యాహ్నం టీచరక్క వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. జెండా విప్పింది. కింది ముదురు నీలం పట్టీ మీద వేలు పెట్టింది. నేను ఆకాశం, హుస్సేన్‌సాగర్ షురూ చేయబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఏమైందే?" అంది వాళ్లమ్మ.

"మగపిల్లలకు నీలం, ఆడపిల్లలకు గులాబి అని లోకం పెట్టుకున్న రంగులమ్మా ఇవి. నడుమ తెలుపు అటునుంచి ఇటు నడిచేటోళ్లకు, రెండిట్ల యాడ సుత ఇమడనోళ్లకు. కిందామీదా ఒక్కతీరే ఎందుకంటే, దీన్ని ఎట్ల పట్టుకున్నా తప్పు కాదు. దీనికి తలకిందులనేదే లేదు. ఈయన తెచ్చిపెట్టిండు."

పెద్దావిడ చాలాసేపు ఆ గుడ్డనే తడిమింది. "తలకిందులుగ పుట్టినవని నిన్ను అన్నది నేనే గద" అని, మా మామవైపు తిరిగింది. "అయ్యా, గీ నల్లనీలం తీసి మంచిది ఎయ్యి. కొస నేను పట్టాలె."

"లేత నీలం తాను ఉండె గదరా, ఏమైంది?" అన్నాడు మామ.

నేను పైకప్పు చూశాను. మిగతా ముగ్గురూ నా చొక్కా చూశారు. దోస్తు పెళ్లి కోసం పక్క సందు టైలర్ దగ్గర రహస్యంగా కుట్టించుకున్న చొక్కా. లేత నీలం. మొదటిసారి తొడుక్కున్నది ఆ రోజే.

"ఇప్పు బాబూ" అంది పెద్దావిడ, దయగానే.

వీపు, రెండు ఛాతీ ముక్కలు, చేతులు కలిపి పట్టీ సరిగ్గా సరిపోయింది. మామ పట్టీని మిషన్ మీద పరుగెత్తించాడు, నోరు మాత్రం నామీద పరుగెత్తించాడు. అలవాటు కొద్దీ నేను బనియన్‌తోనే సూది తీసి, కొత్త అంచు మూలన ఎర్ర గుర్తు వేసేశాను. పెద్దావిడ జెండా లాక్కుని, ఆ దారాన్ని పంటితో పుటుక్కున కొరికి ఉమ్మేసింది. "పట్టుకోవే ఆ కొస" అంది కూతురితో. సందు మలుపు దాకా ఇద్దరూ అలా చెరో కొసా పట్టుకునే వెళ్లారు. ఎటు పైకుందో నేను చూడలేదు. ఆ రాత్రి లోకల్‌లో మల్కాజ్‌గిరి దాకా నన్ను చూసినవాళ్లు మాత్రం చాలామందే.

ఇప్పుడు దుకాణం నాదే. తెలియనిది అడుగుతాను. మరీ తరచుగా కాదు. ఆ ఊరేగింపు జరిగినప్పుడల్లా వెళ్లి రోడ్డు పక్కన నిలబడతాను. జనం జెండాను చూస్తారు. నేను మాత్రం లేత నీలం పట్టీలో, అతుకుల మధ్య మామ పూడ్చడం మరచిన గుండీ కాజా ఒకటి వెతుక్కుంటాను. ఒక్కోసారి అది పైన ఉంటుంది, ఒక్కోసారి కింద. కనబడగానే, ఇరవై అయిదేళ్ల ఆ సర్వజ్ఞుడు బనియన్‌తో అందులోంచి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది.