ఎ నారెంజ్

మొన్న ఎయిర్‌పోర్టు బస్సులో ఎవరో నారింజ పండు వలిచారు. ఆ వాసనకు శంషాబాద్ బడిలో నా ఆరో తరగతి గుర్తొచ్చింది. అప్పటికి మా ఊళ్లో విమానాలు లేవు. బెంగళూరు రోడ్డు మీద లారీల మోత మాత్రం ఉండేది.

పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ సారు డిక్టేషన్ చెబుతూ ‘ఎన్ ఆరెంజ్’ అన్నారు. నాకు ‘ఎ నారెంజ్’ అని వినబడింది. మన నారింజే వాళ్లకు నారెంజ్ కాబోలనుకుని అలాగే రాశాను.

సారు నా రాత అందరికీ చూపించి, “మీ ఊరివాళ్ల చెవులకు ఇంగ్లిష్ ఎక్కదు,” అన్నారు. పిల్లలు నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. “నా చెవులు మంచిగనే ఉన్నయి సార్. మీరు గట్లనే అన్నరు, నేను గట్లనే రాసిన.”

“తప్పయిందని చెప్పేదాకా బయటే ఉండు.”

నేను చెప్పలేదు. రోజూ ఇంగ్లిష్ పీరియడ్‌లో కిటికీ కింద కూర్చున్నాను. అక్కడికి సారు పెదవులూ, నల్లబల్లా కనిపించవు. లారీల మోతలోంచి ఆయన గొంతును పట్టుకోవాలి. మొదట్లో అంతా ఒకటే ముద్దగా వినబడేది. మెల్లగా ఏ మాట ఎక్కడ ఆగుతుందో, ఏది దేనికి అతుక్కుంటుందో తెలియసాగింది.

ఒకరోజు నేను బయటి నుంచి రాసిచ్చిన డిక్టేషన్‌లో తప్పులు దొరకలేదు. సారు కిటికీలోంచి తొంగిచూసి, “ఇక లోపలికి రామ్మా,” అన్నారు.

“ముందుగాల మా ఊరోళ్ల చెవులను అన్న మాట వాపస్ తీస్కోండ్రి సార్.”

సారు ఒకసారి పిల్లల వైపు చూశారు. “తీసుకున్నాను,” అన్నారాయన, చిన్నగా.

గెలిచానని తల ఎత్తుకుని లోపలికి నడిచాను. పిల్లలందరి ముందూ ఆ ఒక్క మాట అనడం ఆయనకెంత కష్టమైందో వినగలిగే చెవులు అప్పటికి నాకింకా రాలేదు.