నేను తొలగించిన మూడేళ్ల చర్చ

నా ఉద్యోగ జీవితంలోని చివరి ఏడాది, జూన్ నెలలో, ఒక వీడియో గేమ్‌ల కంపెనీ నన్ను, ఆటగాళ్లు ఆన్‌లైన్‌లో చర్చించుకునే తన తెలుగు ఫోరానికి సీనియర్ మోడరేటర్‌ని చేసింది. అంతకుముందు ఐదేళ్లు అక్కడే మోడరేటర్‌ని. ఆఫీసు బెంగళూరులో. నేను తెనాలిలో ఇంటి నుంచే పనిచేసేవాణ్ణి. సభ్యులు రాసేవన్నీ చదవాలి. హద్దు దాటినవాళ్లకు మొదట హెచ్చరిక, తర్వాత వారం రోజుల నిలుపుదల, ఆపైన శాశ్వత నిషేధం. ఈ చివరిదానికి మాత్రం నా పైనున్న కమ్యూనిటీ మేనేజర్ ఒప్పుకోవాలి.

మొదట్లో ఎవరికి ఏ ఆట ఎందుకు నచ్చిందో పేజీలకు పేజీలు రాసుకునేవారు. గట్టిగా వాదించుకున్నా కారణం చెప్పేవారు. లైకులు కొట్టే వీలు పెట్టాక, వెక్కిరింతలకే అవి ఎక్కువ పడటంతో ఆ పద్ధతి పోయింది. తుపాకీ ఆటలు ఆడేవాళ్లే ఆటగాళ్లని, మిగతావాళ్లు లెక్కలోకి రారని తేల్చేశారు.

రేపల్లెలో టీచరుగా చేసే పద్మజగారు, తెర మీద వేలితో బొమ్మ ముక్కలు జతచేసే ఆట గురించి మూడేళ్లుగా ఒకే చర్చలో రాస్తూ వచ్చారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన తండ్రి చేత రోజూ అది ఆడించేవారు. ఏ వేలు ఎంత కదిలిందో, ఎక్కడ ఆయన విసుక్కున్నారో రాసేవారు. ఇంట్లో అలాంటి రోగులున్నవాళ్లు చదివి సలహాలడిగేవారు.

ఆగస్టులో, బాగా పేరున్న ఒక సభ్యుడు ఆమె పెట్టిన తండ్రి ఫొటో తీసుకుని, వంకర తిరిగిన చేతి చుట్టూ ఎర్రగీత గీసి, ఈ ఆట ఆడేది ఇలాంటివాళ్లేనని రాశాడు. మధ్యాహ్నానికల్లా చర్చంతా వెక్కిరింతలే. నేను నేరుగా శాశ్వత నిషేధానికే సిఫారసు పంపాను. మేనేజర్ ఫోన్ చేశారు. అతని వల్లే ఫోరానికి జనం వస్తున్నారని, అతన్ని కదపకుండా ఆమె చర్చనే తీసేయమని చెప్పారు. ఒళ్లు మండిపోయింది. అయినా తీసేశాను. తొలగించింది తిరిగి రాదని తెలిసి కూడా కాపీ ఉంచుకోలేదు.

మర్నాడు పద్మజగారికి మెయిల్ రాసి, ఆమె రమ్మన్నాక రేపల్లె రైలెక్కాను. ఫొటో మీద గీత గీసినతను ఇంకా ఫోరంలోనే ఉన్నాడా అని ముందు అడిగారు. ఉన్నాడన్నాను.

"మరి నేను రాసింది ఏమైందండి?"

తీసేశామన్నాను. ఆ 'మేము' వెనక దాక్కున్నందుకు సిగ్గేసి, నేనే తీసేశానని సరిదిద్దుకుని, క్షమించమన్నాను.

"నాన్నగారి చెయ్యి ఎప్పుడెంత కదిలిందో అందులోనే ఉందండి. డాక్టరుగారికి అదే చూపించేదాన్ని. మీ క్షమాపణ నేనేం చేసుకోను? నేను రాసింది తెచ్చివ్వండి."

కాపీలేమైనా ఉన్నాయా అని ఆ చర్చలో రాస్తుండే వాళ్లందరికీ విడివిడిగా రాశాను. బాపట్లలో ఒకాయన తన భార్య కోసం కొన్ని పేజీలు అంతకుముందే ప్రింటు తీసి ఉంచుకున్నారు. అవి పట్టుకెళ్లి ఇచ్చాను. మిగతావి పోయాయి.

కారణం రాసి రాజీనామా ఇచ్చాను. నేను మానేసిన నెలలోనే ఆ సభ్యుణ్ణి మోడరేటర్ చేశారు. 

గొడవ ఆపమని పైనుంచి ఆదేశం వస్తే, ఎవరి నోరు మూయమంటున్నారో ముందు చూడాలి. దెబ్బతిన్నవాళ్ల నోరే అయితే ఆ పని చేయకూడదు. నేను చేశాను.