ఉపయోగం: తాబేలు వీపు

మా ఆవిడ మేనమామ సీతారామాంజనేయులు గారికి ఈ లోకంలో ఏ వస్తువూ దాని అసలు రూపంలో కనిపించదు. మనకు జల్లెడ జల్లెడే. ఆయనకది విష్ణుచక్రం. మనకు పప్పుగుత్తి పప్పుగుత్తే. ఆయనకది గద. పిల్లల వేషాలకు కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయనీ, వేషాన్ని కిరాయికి తేవడం మానవజాతి పతనానికి తొలిమెట్టనీ ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. కాకపోతే 'ఇంట్లోనే' అన్నప్పుడు ఆయన ఉద్దేశంలో ఉన్నది మా ఇల్లు.

చందానగర్‌లో మాది నాలుగో అంతస్తు, ఆయనది రెండోది. అపార్ట్‌మెంటు పేరు లేక్ వ్యూ. చెరువెక్కడుందని అడక్కండి. వానాకాలంలో వస్తే సెల్లార్‌లో చూపిస్తాం.

విద్యుత్ శాఖ స్టోర్సులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషి కనుక మావయ్యగారు చెప్పకుండా ఏదీ పట్టుకెళ్లరు. చెప్పడమంటే నోటితో కాదు. వస్తువు ఉన్నచోట చీటీ పెట్టి వెళతారు. ఒకనాడు మా ఆవిడ దేవిశ్రీ నూనె కాగబెట్టి పోపులడబ్బా కోసం చెయ్యి చాపితే చేతికి చీటీ వచ్చింది. "పోపులడబ్బా – ఒకటి. తీసుకొనబడినది. ఉపయోగం: రోబో ఛాతీ." పక్కనే ఆవాలూ, జీలకర్రా, మినప్పప్పూ ఏడు టీ కప్పుల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"మావయ్య ఎంత పద్ధతి గల మనిషో చూశారా!" అంది మా ఆవిడ. నూనె మాడిపోయింది.

మరోనాడు ఆఫీసుకు బయల్దేరుతుంటే నా ల్యాప్‌టాప్ సంచి స్థానంలో చీటీ. "ఉపయోగం: తాబేలు వీపు." ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి పాతిక కిలోల సోనామసూరి సంచిలో పెట్టి ఉంచారు. ఆ సంచి భుజాన వేసుకుని హైటెక్ సిటీలో పదకొండో అంతస్తుకు వెళ్లాను. మా మేనేజరు ఉదయ్ భాస్కర్ తల పైకెత్తి, "కొత్తవా, పాతవా? అన్నం పొడిపొడిగా వస్తుందా?" అని మాత్రం అడిగాడు.

నా ఐడీ కార్డు సంగతి వేరే చెప్పాలి. అది నా మెడలో ఉన్న రోజులకంటే టీవీ విలేకరుల మెడలో, పోస్ట్‌మ్యాన్ మెడలో, ఒకసారి మేక మెడలో ఉన్న రోజులే ఎక్కువ. కార్డు లేనివాణ్ని గేటు దగ్గర ఆపి రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు. 'కార్డు లేకపోవుటకు కారణము' అని అందులో ఒక గడి ఉంటుంది. 'మర్చిపోయాను' అని రాసేవాణ్ని. మేక అని ఎలా రాయను?

"మల్ల మర్శినరా సార్?" అన్నాడు సెక్యూరిటీ శివశంకర్ మూడోసారి. "గిదేందో జర దవాఖానల సూపెట్టుకోండ్రి. ఈ వయసులనే గిట్లయితే ఎట్ల?"

ఇంతటితో ఆగినా బాగుండేది. అపార్ట్‌మెంటు పిల్లలందరికీ వేషం కట్టడమే కాక, మావయ్యగారు తానూ వేషం కట్టి ప్రేక్షకుల్లో కూర్చుంటారు. స్టేజీ మీద పిల్ల చిట్టెలుక అయితే, ముందు వరుసలో ఈయన మా చీపురుపుల్లల మీసాలతో పిల్లి. హాలంతా పిల్లి వైపు తిరిగి పగలబడి నవ్వుతుంది. నాకు తల కొట్టేసినట్టుంటుంది.

"మావయ్యగారూ, పోటీ పిల్లలకండీ!" అన్నాను ఒకసారి.

"అవునండీ అల్లుడు గారూ, అందుకేగా నేను పేరివ్వలేదు," అన్నారు మీసం సర్దుకుంటూ.

నిరుడు ఆయన కాకినాడలో పెళ్లికి వెళ్లినప్పుడు, ఇదే అదనుగా మా అమ్మాయి రసజ్ఞకు కిరాయి వేషం తెచ్చాను. రెండో తరగతి పిల్ల. కిరీటం, కత్తి, డాలు సమేతంగా మహారాణిలా స్టేజీ ఎక్కింది. మూడు వందల మంది తననే చూస్తుంటే నోరు పెగల్లేదు. డాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి క్లాసులో టీచరు లేపినా మాట్లాడదు. ఈసారి వార్షికోత్సవంలో మళ్లీ నాలుగు వాక్యాలిచ్చారు. "ఇప్పుడు కూడా చెప్పలేకపోతే ఇంకెప్పుడూ స్టేజీ ఎక్కను, ఒట్టు," అంది నాతో. ఏడేళ్ల పిల్ల అంత నిదానంగా ఒట్టు పెట్టడం నాకు నచ్చలేదు.

ఇచ్చిన వేషం చెరువు. ధీమాగా కిరాయి దుకాణానికి వెళ్లాను.

"చెరువా? చెరువు డ్రెస్సు యాడుంటది సార్?" అన్నాడు దుకాణం సాయిచంద్. "డాక్టరున్నది, జామపండున్నది, పులి ఉన్నది. అసల్కి చెరువే యాడున్నది సార్ ఇప్పుడు?"

ఓడిపోయి రెండో అంతస్తు తలుపు కొట్టాను. మావయ్యగారు ఆశ్చర్యపోలేదు. "ఇంట్లోనే ఉందండీ చెరువు," అన్నారు.

అన్న ప్రకారమే మర్నాటికి మా స్నానాలగది పరదా, దేవిశ్రీ నీలం చున్నీలు, వంటింటి అల్యూమినియం రేకు కాగితం మాయమయ్యాయి. చెరువులో గుర్రపుడెక్క కావాలి కనుక ఆ పూట చారులో కొత్తిమీర లేదు. చీటీలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చివరి రెండూ నాకు అర్థం కాలేదు. "పసుపు రంగు దుప్పటి – ఒకటి. ఇస్త్రీ బల్ల – ఒకటి. ఉపయోగం: తరువాత తెలుపబడును."

వార్షికోత్సవం నాడు తెలుపబడింది. హాలు తలుపులోంచి ఒక పొక్లెయిన్ లోపలికి వచ్చింది. నడుముకు మా ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె, దానికి మా పసుపు దుప్పటి, ముందుకు చాచిన చెయ్యి మా ఇస్త్రీ బల్ల, దాని కొసన తవ్వుడు బకెట్టుగా మా అన్నం గిన్నె. నా పక్కనే ఉదయ్ భాస్కర్ కూర్చున్నాడు. వాళ్లబ్బాయిదీ అదే స్కూలు.

"ఎవరు బాస్ ఆ పెద్దాయన?"

"తెలియదు," అన్నాను.

"అల్లుడు గారూ, కాస్త జరగండి, యంత్రం పట్టట్లేదు!" అంది పొక్లెయిన్.

సరిగ్గా రసజ్ఞ స్టేజీ మీదికి వచ్చేసరికి యంత్రం రెండు కుర్చీల మధ్య ఇరుక్కుంది. ఇస్త్రీ బల్ల ఒకావిడ కొప్పులోకి వెళ్లింది. ముందు వరుసలు వెనక్కి, వెనక వరుసలు ముందుకి తిరిగి నవ్వుతున్నాయి. మైకు ముందు నా కూతురు నిలబడి ఉంటే ఒక్కడూ దానివైపు చూడటం లేదు. ఈ మనిషిని ఈరోజు వదలకూడదని లేచాను.

"ఏయ్, ఆగు!"

ఆ గొంతు మైకులోంచి వచ్చింది. రసజ్ఞ నడుం మీద చెయ్యి పెట్టి పొక్లెయిన్ వైపు వేలు చూపిస్తోంది. "నేను చెరువును! నా కడుపులో చేపలున్నాయి. నామీద ఇల్లు కడితే, నేను మీ సెల్లార్‌లోకి వస్తాను. అప్పుడు నన్ను తిట్టొద్దు!"

పొక్లెయిన్ గడగడ వణికి, అన్నం గిన్నె నేలకు దించి దణ్ణం పెట్టింది. హాలంతా చప్పట్లతో స్టేజీ వైపు తిరిగింది. అప్పటికి రసజ్ఞ చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ అయిపోయాయి.

ఇంటికి వస్తుంటే కారులో అడిగాను, "భయమెయ్యలేదా?"

"అందరూ తాతయ్యనే చూస్తున్నారుగా నాన్నా. నన్నే చూస్తారని భయమని మొన్న చెప్పా. 'నిన్ను చూడకుండా చేసే పూచీ నాదమ్మా, ఎలకపిల్లక్కూడా అలాగే చేశా' అన్నాడు."

వెనక సీట్లో పొక్లెయిన్ గురక పెడుతోంది. ఇన్నేళ్లుగా నేను పిల్లి అనుకున్నదాని పనేమిటో అప్పుడు తెలిసింది. అయినా, ఇస్త్రీ బల్ల కాలు విరిగిన సంగతి నేను మర్చిపోలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సోమవారం ఆఫీసు గేటు దగ్గర మెడ తడుముకుంటే కార్డు లేదు. జేబులో చీటీ ఉంది. "ఐడీ కార్డు – ఒకటి. తీసుకొనబడినది. ఉపయోగం: చేప."

శివశంకర్ జాలిగా రిజిస్టరు నా ముందుకు తోశాడు. కారణం గడిలో మొదటిసారి నిజం రాశాను: "మా చెరువులో చేప అయింది."

అతను చదివాడు. నా వైపు చూశాడు. కథంతా చెప్పించుకుని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"సార్, మా ప్రవళికకు గూడ శుక్రారం ఫ్యాన్సీ డ్రెస్సున్నది. స్టేజంటే గజగజ వణుకుతది. జర ఆ పెద్దసారు నంబరిస్తరా?"

"ఇస్తాను," అన్నాను. "ముందు ఆ టోపీ తీసి ఎక్కడైనా దాచుకో."