మా తాతయ్య కొట్టిన గ్రీకు శిరస్త్రాణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిసిపోయే మనిషి మా తాతయ్య. సముద్రం దాటొచ్చి మేముంటున్న సెంబవాంగ్‌లో అప్పట్లో తెల్లవాళ్ళ నౌకాస్థావరం ఉండేది. మరమ్మతుకు వచ్చిన ఓడల అడుగు గదుల్లోకి దిగి తుప్పు గీకడం ఆయన పని. సాయంత్రం గుమ్మంలో కూర్చుని దగ్గితే ఉమ్మి కూడా తుప్పు రంగులోనే పడేది. నిజానికి ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చిన కంచరివాడు. బిందెలూ చెంబులూ కొట్టిన చేతికి ఇక్కడ దొరికింది గీకుడు పని.

అక్కడే రాగిపని షెడ్డు ఒకటి ఉండేది. అందులో చోటు దొరికితే ఓడ కడుపులోకి దిగడం తప్పుతుంది. ఆ షెడ్డు దొరని మా తాతయ్య మూడుసార్లు అడిగాడు. మూడోసారి దొర ఒక బొమ్మ కాగితం చేతిలో పెట్టాడు. పాతకాలం గ్రీకు సైనికుడు తలకు పెట్టుకునే కంచు శిరస్త్రాణం బొమ్మ. వాళ్ళ పిల్లలు వేసే నాటకానికి అలాంటిది కావాలట. ఇత్తడి రేకు ఇస్తాను, వారంలో కొట్టి తీసుకురా, నీ చేతిపని చూసి చెబుతాను అన్నాడట.

బొమ్మ కింద ఏదో రాసి ఉంది. మా ఇంట్లో ఎవరికీ చదువు లేదు. నాకైతే అక్షరాలు అరవై దాటాకే వచ్చాయి. గ్రీకు రాజులు ఈజిప్టు దాకా ఏలిన కాలంలో అలాంటివి చేసేవారని మొన్న మనవరాలు ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ చెప్పింది. "టోపీ మొత్తం ఒకటే రేకు అమ్మమ్మా. సో హార్డ్ లా!" అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. నాకు తెలుసు అన్నాను. నమ్మలేదు.

చదువు లేకపోయినా మా తాతయ్యకు బొమ్మ చాలు. నడినెత్తి దగ్గర ఎత్తుగా లేచి ముందుకు వాలిన టోపీ అది. నుదుటి మీద అంచు, చెంపలకు వేలాడే రెండు రేకులు. ఆ రేకుల మీద ఉంగరాల గడ్డం చెక్కి ఉంది. "గెడ్డం నేని కుర్రోడికి గూడా గెడ్డం ఒచ్చీసింది సూడు. సెవులు మాత్రం ఒదిలీసేరు. సేనాపతి కేకెడితే ఇనపడాల గదా" అని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ.

పగలు ఓడలో పని, సాయంత్రం పెరట్లో సుత్తి. ఆదివారం మధ్యాహ్నానికి టోపీ సగానికి పైగా వచ్చింది. అప్పుడు ఉన్నట్టుండి సుత్తి కింద పెట్టి, నడుం పట్టుకుని లేచి, సంచి తీసుకుని ఎటో వెళ్ళాడు. ఇక చేతకాక వదిలేశాడనుకున్నాను. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఇది ఆగిపోతే ఆయన మళ్ళీ ఆ తుప్పులోకే పోతాడు. సుత్తి తీసుకుని, ఆయన ఆపిన చోటే కొట్టడం మొదలుపెట్టాను. గంటలా మోగుతున్న రేకు ఒక దెబ్బకి మోగలేదు. చూస్తే వేలెడు చీలిక.

ఆయన బొగ్గుల సంచితో వచ్చాడు. చూసి, అలాగే నేల మీద కూర్చున్నాడు.

"ఏటే గుంటా, కొట్టీసేవా?"

"నువ్వు అలిసిపోయావు గదా తాతా, అందుకని."

"అలిసింది నాను గాదే. రేకు."

కొట్టగా కొట్టగా ఇత్తడి బిరుసెక్కుతుందని, దాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి చల్లారనిస్తే మళ్ళీ లొంగుతుందని, కొలిమిలోకి బొగ్గు లేకే ఆపానని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఒక రేకు ముక్క నా చేతికిచ్చి కొట్టమన్నాడు. కొడుతుంటే అది రాయిలా అయిపోయింది. కాల్చి, చల్లార్చి ఇచ్చాడు. ఈసారి వేళ్ళతోనే వంగింది. ఏడుస్తూ వంచాను. ఆయన మాత్రం చీలిక కింద ఇంకో ముక్క పెట్టి, నాలుగు రివిట్లు కొట్టి, ఆ రాత్రంతా కూర్చుని టోపీ పూర్తి చేశాడు.

మర్నాడు నన్నూ వెంట తీసుకెళ్ళాడు. దొర టోపీని తిప్పి చూసి, అతుకు మీద బొటనవేలు ఆనించాడు. పక్కనున్న తెలుగు మేస్త్రీ, "ఏం పెద్దాయనా, యుద్ధానికి పోకముందే దెబ్బ తినేసిందే!" అన్నాడు. అందరూ నవ్వారు.

"తప్పు నాదే బాబూ. తొందరపడి కొట్టీసేను" అన్నాడు మా తాతయ్య.

నేను వెనకాల నిలబడ్డాను. ఆయన చాటుకి ఇంకా జరిగాను. దొర టోపీ ఉంచుకున్నాడు, షెడ్డులో చోటు మాత్రం ఇవ్వలేదు. దారిలో తాతయ్య నన్నేమీ అనలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. మరుసటి రోజు మళ్ళీ ఓడలోకి దిగాడు. ఊపిరి ఆడినన్నాళ్ళూ దిగాడు.

ఇన్నేళ్ళలో ఆయన్ని తలచుకుని మంచిదాన్నైపోయానని చెప్పను. నోటి దురుసు నాకు ఇప్పటికీ ఉంది. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. నా కూతురు బ్యాంకు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడుతుంది. పిల్ల మార్కులు, కట్టని కరెంటు బిల్లు, అన్నీ నా నోటిదాకా వస్తాయి. టీ చేతికిచ్చి వంటింట్లోకి పోతాను. తను చల్లారేదాకా, అరగంట అటువైపు రాను.

మొన్న తనే అడిగింది, "ఏంటమ్మా, నన్ను తిట్టడం మానేశావు? ఒంట్లో బాగాలేదా?" అని.

"తిడతానులే, ముందు టీ తాగు" అన్నాను.